ఇవాళ్టి యూరియా, మూడేళ్ల తర్వాతి గెల

కొబ్బరి కాండం ఒకసారి తయారయ్యాక మళ్లీ లావెక్కదు. మామిడికీ వేపకూ బెరడు కింద ఏటేటా కొత్త కణాల పొర పుట్టి మాను పెరుగుతుంది. కొబ్బరికి ఆ పొరే లేదు. తాడి, ఈత, పోక లాగే ఇదీ ఏకదళబీజపు చెట్టు. మొవ్వులో ఉండే ఒకే ఒక్క పెరుగుదల మొన ఏ ఏడు ఎంత లావు కాండాన్ని కట్టిందో, చెట్టు బతికినంత కాలం ఆ చోట అంతే లావు ఉంటుంది. అందుకే పాత తోటలోకి వెళ్లి ఒక చెట్టును కింది నుంచి పైదాకా నిదానంగా చూస్తే దాని గతమంతా కనిపిస్తుంది. ఒకచోట కాండం సన్నబడి, కొంచెం పైకి వెళ్లాక మళ్లీ బొద్దుగా మారితే, ఆ సన్నని భాగం చెట్టు పస్తున్న కాలమన్నమాట. కాండం చుట్టూ గాజుల్లా కనిపించే మచ్చలు రాలిపోయిన మట్టలవి. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పన్నెండు నుంచి పద్నాలుగు మట్టలు వేస్తుంది కనుక, మొవ్వు నుంచి కిందికి మచ్చలు లెక్కపెట్టుకుంటూ వస్తే ఆ పస్తు ఎన్నేళ్ల కిందటిదో ఇంచుమించుగా తేల్చవచ్చు. మచ్చకూ మచ్చకూ మధ్య దూరం దగ్గరపడిన చోట ఎదుగుదల కుంటుపడిందని అర్థం.

ఆ పస్తుకు కారణాలు చాలా ఉండవచ్చు. వానలు లేకపోవడం, వరద నీరు నిలిచిపోవడం, తుపానులో మట్టలు విరిగిపోవడం, తిండి చాలకపోవడం. ఈ అధ్యాయంలో తిండి గురించి, అందులోనూ నత్రజని గురించి మాట్లాడుకుందాం. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య కోనసీమ తోటలను కళ్ల ముందు పెట్టుకుని మాట్లాడుకుంటే విషయం తేలిగ్గా బోధపడుతుంది.

మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే. అయినా కొబ్బరి చెట్టు దాంట్లోంచి ఒక్క అణువును కూడా నేరుగా వాడుకోలేదు. గాలిలోని నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. వాటిని విడదీయడం పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియాకూ, మరికొన్ని సూక్ష్మజీవులకూ, పిడుగుకూ, మనిషి కట్టిన కర్మాగారానికీ మాత్రమే చేతనవుతుంది. విడిపోయి అమ్మోనియంగానో నైట్రేట్‌గానో మారాక, నేల తేమలో కరిగిన రూపంలోనే వేరు దాన్ని తీసుకుంటుంది.

తీసుకున్న నత్రజని ఆకుల్లోకి వెళ్లి పత్రహరితం అవుతుంది. ఒక్కో పత్రహరిత అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు, దాని చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. ఎండను చక్కెరగా మార్చే ఎంజైములు ప్రోటీన్లే, వాటికీ నత్రజని కావాలి. కొత్త కణం పుట్టాలన్నా కావాలి. కొబ్బరి కాండానికీ మట్టలకూ కొత్త కణాలు పుట్టే చోటు మొవ్వు ఒక్కటే. నత్రజని చాలనప్పుడు చెట్టు ముసలి మట్టల్లో ఉన్నదాన్ని కరిగించి మొవ్వుకు పంపుతుంది. అందువల్ల పసుపు రంగు ముందుగా కింది మట్టల్లో, ఆకు పొడవునా ఒకే తీరుగా కనిపిస్తుంది. పై మట్టలు లేతాకుపచ్చగా మిగులుతాయి. కొరత ఏళ్ల తరబడి సాగితే మట్టలు పొట్టివవుతాయి, ఏడాదికి వచ్చే మట్టల సంఖ్య తగ్గుతుంది, కాండం పైకి పోయేకొద్దీ చెక్కిన పెన్సిల్ మొనలా సన్నబడుతుంది. గెలలు పేరుకే మిగులుతాయి.

మట్టల సంఖ్య ఎందుకంత ముఖ్యం? ఎదిగిన చెట్టులో ప్రతి మట్ట చంకలోనూ ఒక పూగుత్తి పుడుతుంది. ఏడాదికి పన్నెండు మట్టలు వేసే చెట్టు పన్నెండు గెలలు వేయగలదు. ఎనిమిది మట్టలే వేసే చెట్టుకు ఎనిమిదికి మించి గెలలు వచ్చే దారి లేదు. గెలకు ఎనిమిది కాయల చొప్పున చూసుకున్నా మొదటి చెట్టుకు తొంభై ఆరు, రెండో చెట్టుకు అరవై నాలుగు. దింపు కార్మికుడు చెట్టెక్కి దిగడానికి రెండింటికీ ఒకే కూలి ఇవ్వాలి.

రైతులూ, వ్యవసాయం గురించి రాసేవాళ్లూ తరచుగా దాటవేసే అసలు విషయం ఇక్కడే ఉంది.

వరికి యూరియా చల్లితే వారం తిరక్కుండా చేను నల్లబడుతుంది, నాలుగు నెలల్లో గింజ చేతికొస్తుంది. కొబ్బరి తీరు వేరు. 1938లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసిన ‘ది కోకోనట్: ఎ మోనోగ్రాఫ్’ అనే గ్రంథంలో జె.ఎస్. పటేల్ అనే శాస్త్రవేత్త కొబ్బరి పూగుత్తి పుట్టుకను దశలవారీగా నమోదు చేశారు. మన దేశంలో పొడవు, పొట్టి రకాలను తొలిసారి సంకరపరిచింది కూడా ఈయనే, 1932లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నీలేశ్వరం క్షేత్రంలో. ఆయన లెక్క ప్రకారం పూగుత్తి తొలి మొలక, దాన్ని కప్పి ఉంచే దొప్ప పగిలి బయటికి కనిపించడానికి దాదాపు 32 నెలల ముందే మొవ్వు లోపల పుడుతుంది. పూగుత్తి కొమ్మలు సుమారు 16 నెలల ముందు, ఆడపూలు ఏడాది ముందు, వాటిలో అండాశయం ఆరేడు నెలల ముందు రూపు కడతాయి. దొప్ప పగిలాక పిందె ముదిరి కాయ కావడానికి మరో పదకొండు, పన్నెండు నెలలు. మొదటి మొలక నుంచి కాయ దింపు దాకా మొత్తం 44 నెలలు. అంటే మూడేళ్ల ఎనిమిది నెలలు.

ఇప్పుడు ఈ లెక్కను ఎరువు వైపు నుంచి చూడండి. నత్రజని చేసే పెద్ద మేలు రెండు రకాలు: మట్టలు ఎక్కువగా, పెద్దగా రావడం, పూగుత్తిలో ఆడపూలు ఎక్కువగా రావడం. ఆడపూలు పుట్టేది దొప్ప పగలడానికి ఏడాది ముందు, కాయ ముదిరేది దొప్ప పగిలిన ఏడాదికి. కాబట్టి ఇవాళ వేసిన యూరియా ఆడపూల సంఖ్యను పెంచినా ఆ కాయలు దింపుకొచ్చేది రెండేళ్ల తర్వాతే. మట్టలు పెరిగి, ఆ మట్టల వల్ల గెలలు పెరిగి, మొత్తం దిగుబడి కొత్త స్థాయికి చేరాలంటే మూడు, నాలుగేళ్లు పడుతుంది. అప్పటికే చెట్టు మీదున్న పిందెలు కొంచెం తక్కువ రాలడం, కాయ కాస్త ఊరడం లాంటి చిన్న లాభాలు ముందే కనిపించవచ్చు. అసలు ఫలం మాత్రం ఆలస్యంగానే వస్తుంది.

ఈ ఆలస్యం రైతును రెండు వైపుల నుంచీ మోసం చేస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఎరువు చూడని తోటకు ఒక ఏడాది మంచి మోతాదు వేస్తారు. మరుసటి ఏడు కాయ పెరగదు. ‘కొబ్బరికి ఎరువు దండగ’ అని తేల్చేస్తారు. ఇంకొకరు ఏటా శ్రద్ధగా వేస్తూ వచ్చి, కాయ ధర పడిపోయిన ఏడాది మానేస్తారు. మరుసటి ఏడూ, ఆపై ఏడూ కాయ తగ్గదు. ‘వేసినా వేయకపోయినా ఒకటే’ అని ధైర్యం వస్తుంది. మూడో ఏడు దిగుబడి జారేసరికి ఆ పాత నిర్ణయం ఎవరికీ గుర్తుండదు. ఎండ మీదో, నల్లి మీదో, తెల్లదోమ మీదో నేరం మోపుతారు. అవి కూడా నిజమైన కష్టాలే, కాదనడం లేదు. కానీ చెట్టు లోపల లెక్క ఎప్పుడో మొదలైపోయింది.

1996 నవంబరు 6 తుపాను కోనసీమలో ఎన్నో కొబ్బరి తోటలను కూల్చేసింది. నిలబడ్డ చెట్లకూ మట్టలు విరిగి వేలాడాయి. కొబ్బరి తలలో మామూలుగా 30 నుంచి 36 మట్టలుంటాయి. నెలకు ఒకటి చొప్పున కొత్త మట్ట వచ్చే చెట్టు, పోగొట్టుకున్న తలను పూర్తిగా తిరిగి కట్టుకోవడానికి రెండున్నర నుంచి మూడేళ్లు కావాలి. ఆ మధ్యకాలంలో విరిగిన మట్ట చంకలోని గెల ఎలాగూ పోయినట్టే. తుపాను తర్వాత తోట తేరుకోవడానికి ఏళ్లు ఎందుకు పడుతుందో, ఎరువు ఫలితానికి ఏళ్లు ఎందుకు పడుతుందో రెండింటికీ కారణం ఒకటే.

ఒక దేశం మొత్తం మీద ఈ ఆలస్యాన్ని చూడాలంటే శ్రీలంక వైపు చూడాలి. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. వరి, తేయాకు వెంటనే దెబ్బతిన్నాయి. ఏడాది తిరక్కుండానే నిషేధాన్ని ఎత్తేశారు. ఎత్తేశాక కూడా ఎరువు ధర మండిపోతూనే ఉంది, కొబ్బరి రైతులు చాలామంది వేయలేకపోయారు. 2022లో కొబ్బరి దిగుబడి బాగానే ఉంది. చూసినవాళ్లకు కొబ్బరికి ఏమీ కాలేదనే అనిపించి ఉంటుంది. 2023లో తగ్గింది. 2024 చివరికి ఆ దేశంలో కొబ్బరికాయ దొరకడమే కష్టమై ధర చుక్కలంటింది. వానలు, ఎండలు, తెగుళ్ల పాత్ర కూడా ఇందులో ఉంది. అంతకు ముందు ఎరువు అందని ఏళ్ల పాత్రను మాత్రం ఎవరూ కొట్టిపారేయలేరు. కొబ్బరి పూగుత్తి క్యాలెండరు తెలిసిన వాళ్లకు ఆ తేదీల వరుసలో ఆశ్చర్యమేమీ కనిపించదు.

ఇక యూరియా సంగతి. 1828లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. ఎరువుగా టన్నుల కొద్దీ చేయాలంటే ముందు గాలిలోని నత్రజనిని లొంగదీయాలి. ఫ్రిట్జ్ హేబర్ 1909లో హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేయవచ్చని చూపించాడు. కార్ల్ బాష్ 1913లో ఓపావ్‌లో దాన్ని కర్మాగారంగా నిలబెట్టాడు. ఇప్పుడా హైడ్రోజన్ ఎక్కువగా సహజవాయువు నుంచి వస్తోంది. కోనసీమలో కొబ్బరి తోటల పక్కనే చమురు సంస్థల గ్యాసు బావులు కనిపిస్తాయి. 1992లో కాకినాడలో యూరియా కర్మాగారం మొదలైనప్పుడు దానికి ముడిసరుకు ఈ కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాసే. కొబ్బరి వేళ్లకు ఎంతో కింద, కోట్ల సంవత్సరాలుగా దాగిన వాయువు పైకి వచ్చి, గాలిలోని నత్రజనితో కలిసి, తెల్లని గుళికై మళ్లీ అదే చెట్టు పాదుకు చేరింది. ఈ ప్రాంతపు పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఈ ఒక్క గొలుసును పట్టుకుని నెల రోజుల పాఠం చెప్పవచ్చు.

యూరియాలో 46 శాతం నత్రజని. అందులో ఎంత చెట్టుకు చేరుతుందన్నది మనం వేసే తీరు మీద ఆధారపడి ఉంది. తడిసిన పాదు మీద గుప్పెడు యూరియా చల్లి చూడండి. గుళిక కొద్ది సేపట్లోనే చెమ్మ పీల్చుకుని కరుగుతుంది. నేలలోనూ, ఎండుటాకుల మీదా ఉండే సూక్ష్మజీవుల యూరియేజ్ అనే ఎంజైము దాన్ని కొన్ని రోజుల్లోనే అమ్మోనియం కార్బొనేట్‌గా మారుస్తుంది. గుళిక చుట్టూ ఉన్న ఆ రవంత నేల క్షారంగా మారి, అమ్మోనియా వాయువై పైకి లేస్తుంది. పైన చల్లి వదిలేసిన పాదు దగ్గర ఒకటి రెండు రోజుల తర్వాత వంగి వాసన చూస్తే ముక్కుకు ఘాటు తగులుతుంది. ఆ ఘాటు మీరు డబ్బు పెట్టి కొన్న నత్రజనిది. డెల్టా నేలలు చాలాచోట్ల తటస్థం నుంచి క్షారం వైపు ఉండేవి కాబట్టి ఈ నష్టం ఇక్కడ మరీ ఎక్కువ. మట్టిలో కలిపి, వెంటనే నీరు పెడితే అమ్మోనియం బంకమట్టి రేణువులను పట్టుకుని నిలుస్తుంది.

అక్కడితో ప్రమాదం తీరిపోదు. నైట్రోసోమోనాస్, నైట్రోబ్యాక్టర్ వంటి బ్యాక్టీరియా అమ్మోనియాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను మట్టి పట్టుకోలేదు, నీటితోపాటు కిందికి జారిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక నేలల్లో ఒక గట్టి వాన చాలు, నైట్రేట్ వేళ్లను దాటి బావినీటిలోకి చేరడానికి. ఆ నీళ్లు తాగేది మన ఇంట్లోవాళ్లే. మన దేశంలో తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. మరోవైపు, మురుగు పోని నల్లమట్టి తోటల్లో నీరు నిలిస్తే గాలి లేని ఆ మట్టిలో వేరే బ్యాక్టీరియా నైట్రేట్‌ను తిరిగి వాయువుగా చేసి గాలిలోకి పంపేస్తాయి. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే వందల రెట్లు బలమైనది. మురుగు కాలువ తవ్వించడం కూడా నత్రజని యాజమాన్యంలో భాగమే అని చెప్పడం ఇందుకే.

2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియా దాదాపు అంతా వేపపూతతోనే వస్తోంది. వేపలోని పదార్థాలు అమ్మోనియం, నైట్రేట్‌గా మారే వేగాన్ని తగ్గిస్తాయి. అది మంచిదే. కానీ పైన చల్లి వదిలేస్తే గాలిలోకి పోయే అమ్మోనియాను వేపపూత పెద్దగా ఆపలేదు. ‘వేప యూరియా కదా, ఎక్కడ చల్లినా ఫరవాలేదు’ అనుకోవడం పొరపాటు.

ఎక్కడ వేయాలి? కొబ్బరికి తల్లివేరు లేదు. కాండం అడుగున ఉబ్బిన బొడ్డె నుంచి వేల కొద్దీ పీచువేళ్లు ఒకే లావున నాలుగు వైపులా పాకుతాయి. వీటికి వేరు నూగు కూడా ఉండదు. వేరు కొసన ఉండే లేత భాగమే నీటినీ పోషకాలనీ పీలుస్తుంది. చురుకైన వేళ్లలో ఎక్కువ భాగం చెట్టు చుట్టూ రెండు మీటర్ల లోపే ఉంటాయి. మొదలును ఆనుకుని పోసిన ఎరువు ముసలి వేళ్ల మీద పడుతుంది, అవి పీల్చలేవు. రెండు వరుసల మధ్య చల్లిన ఎరువు కలుపుకు పోతుంది. మొదలు నుంచి మీటరు దూరం విడిచి, 1.8 మీటర్ల వరకు ఉన్న పాదులో చల్లి, పలుగుతోనో పారతోనో పైపైన మట్టిలో కలిపి నీరు పెట్టాలి.

ఎంత వేయాలి? కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ సిఫారసూ, మన రాష్ట్రంలో ఉద్యాన శాస్త్రవేత్తలు చెప్పేదీ ఒకటే: కాపు కాసే చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1,200 గ్రాముల పొటాష్. సంచుల భాషలో చెప్పాలంటే కిలోకు కాస్త పైగా యూరియా, రెండు కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, రెండు కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, వీటితో పాటు పాతిక కిలోల పశువుల ఎరువు. రెండు సమాన భాగాలు చేసి తొలకరిలో ఒకసారి, వానాకాలం చివర ఇంకొకసారి. ఇసుక నేలల్లో ఇంకా చిన్న భాగాలు చేసి ఎక్కువసార్లు వేయాలి. నీటి వసతి ఉన్న సంకర రకాలకు మోతాదు ఇంకా ఎక్కువ. లేత మొక్కకు రెండో ఏడు పూర్తి మోతాదులో మూడో వంతు, మూడో ఏడు మూడింట రెండు వంతులు, నాలుగో ఏడు నుంచి పూర్తిగా. ఆ తొలి ఏళ్లలో పడే నత్రజనికి విలువ చాలా ఎక్కువ. మొదటి గెల ఏ ఏడు వస్తుందో, మొదలు ఎంత లావు కడుతుందో అప్పుడే తేలిపోతుంది.

ఆ మూడు అంకెలను ఇంకోసారి చూడండి. నత్రజని 500, పొటాష్ 1,200. కొబ్బరికి నత్రజని కంటే రెండు రెట్లకు పైగా పొటాష్ కావాలి. వరి రైతుకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఒకే కమతంలో వరి చేనూ కొబ్బరి గట్టూ ఉన్న మన ప్రాంతంలో, వరికి తెచ్చిన యూరియాలో మిగిలింది కొబ్బరికి పోయడం అలవాటు. ప్రభుత్వ ధరల విధానం ఈ అలవాటును ఇంకా బలపరిచింది. 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చినప్పటి నుంచి భాస్వరం, పొటాష్ ధరలు అంతర్జాతీయ మార్కెట్‌ను బట్టి కదులుతున్నాయి. యూరియా ధరను మాత్రం ప్రభుత్వమే బిగించి ఉంచింది. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలంటే ఒక చెట్టుకు ఏడాది యూరియా ఖర్చు ఆరేడు రూపాయలు. ఒక బొండం ధరలో చిన్న ముక్క. పొటాష్ ఖర్చు దానికి ఎన్నో రెట్లు. అందుకని యూరియా పడుతుంది, పొటాష్ పడదు.

ఒంటరిగా పడిన నత్రజని ఏం చేస్తుంది? ఆకు ముదురాకుపచ్చగా మెరుస్తుంది. ఆడపూలు కూడా ఎక్కువే వస్తాయి. ఎదిగిన చెట్టులో ఆడపూలు నూరు వస్తే మామూలుగా నిలిచేవి పాతిక నుంచి నలభై వరకే. వాటిని నిలబెట్టి, ఆకులో తయారైన చక్కెరను కాయలోకి మోసుకెళ్లి, కొబ్బరిని మందంగా పేర్చడానికి పొటాష్ కావాలి. అది లేకపోతే పిందె రాలుతుంది, నిలిచిన కాయలో కొబ్బరి పలచబడుతుంది. కాయకు వచ్చే ఎండుకొబ్బరి బరువు తగ్గుతుందని ఎన్నో క్షేత్ర పరీక్షలు చూపించాయి. కురిడీ కట్టే వ్యాపారి కాయను చేత్తో ఊపి, బరువు చూసి ధర కట్టేది ఈ తేడాకే. తోట పచ్చగా ఉందని సంతోషించేవారు కాయ పగలగొట్టి కొబ్బరి మందం కూడా చూడాలి.

పొటాష్ సంచితో పాటు ఇంకో మేలు కూడా వస్తుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అందులో దాదాపు సగం క్లోరిన్. 1970 దశకంలో ఫిలిప్పీన్స్‌లో, సముద్రానికి దూరంగా ఉన్న తోటల్లో చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, పొటాషియం క్లోరైడ్ వేశాక కనిపించిన లాభంలో పెద్ద భాగం క్లోరిన్ వల్ల వచ్చిందట. చాలా పంటలకు క్లోరిన్ అవసరం అతి స్వల్పం; కొబ్బరికి మాత్రం అది పెద్ద పోషకాల వరుసలోనే ఉంది. అక్కడి కొబ్బరి అధికారులు ఆ తర్వాత మామూలు ఉప్పును కూడా ఎరువుగా సిఫారసు చేశారు. ఉప్పుగాలి తగిలే మన తీరపు తోటలకు ఆ కొరత పెద్దగా రాదు. ద్వారకా తిరుమల, చింతలపూడి వైపు మెట్ట తోటలకు పొటాష్ మానేస్తే క్లోరిన్ కూడా తగ్గుతుందని గుర్తుంచుకోవాలి.

పసుపు రంగు కనపడగానే యూరియా పోయడం ఇంకో అలవాటు. ఆకు పసుపుబారడానికి నత్రజని ఒక్కటే కారణం కాదు. పొటాష్ కొరతలో ఆకు కొసలు, అంచులు మాడినట్టు ఎండుతాయి, తుప్పు రంగు చుక్కలు పడతాయి. మెగ్నీషియం కొరతలో ఎండ తగిలే వైపు ముదురు మట్టలు పసుపుబారి, ఈనె మొదట్లో ఆకుపచ్చ మిగులుతుంది. నీరు నిలిచిన తోటలో వేళ్లకు ఊపిరాడక మొత్తం చెట్టు పాలిపోతుంది. ఈ చివరి చెట్టుకు యూరియా పోస్తే వాయువై పోవడం తప్ప ఏమీ కాదు.

దీన్ని తేల్చడానికి మట్ట పరీక్ష ఉంది. ప్రపంచమంతటా కొబ్బరి శాస్త్రవేత్తలు పద్నాలుగో మట్టను తీసుకుంటారు. పూర్తిగా విచ్చుకున్న అన్నిటికంటే లేత మట్ట ఒకటోది. అక్కడి నుంచి కిందికి లెక్కపెట్టాలి. పద్నాలుగో మట్ట చంకలో పిడికిలంత కాయల గెల ఉంటుంది, గుర్తుపట్టడం కష్టం కాదు. మట్ట మధ్య భాగంలో రెండు వైపులా మూడేసి ఆకులు కోసి, ఒక్కో ఆకు నడిమి పది సెంటీమీటర్ల ముక్క ఉంచుకుని, ఈనె తీసేసి ఎండబెట్టి పంపాలి. ఒక్క చెట్టు కాకుండా తోటలో అక్కడక్కడా ఉన్న చెట్ల నుంచి తీయాలి. ఎండిన ఆకులో నత్రజని 1.8 నుంచి 2 శాతం ఉంటే పొడవు రకాలకు సరిపోయినట్టు. పొటాషియం 0.8 నుంచి 1 శాతం దగ్గర ఉండాలి. మట్ట పరీక్ష గొప్పతనమేమిటంటే అది చెట్టు ఇవాళ్టి పరిస్థితిని చెబుతుంది. గెల రెండు మూడేళ్ల కిందటి పరిస్థితిని చెబుతుంది. ఎరువు నిర్ణయం ఇవాళ్టి అంకెను చూసి తీసుకోవాలి.

నత్రజని అంతా సంచిలోంచే రావాలని లేదు. అన్ని పోషకాల్లోకీ నత్రజనినే తోటలో పండించుకోవచ్చు. భాస్వరాన్నీ పొటాష్‌నూ అలా పండించలేం. పాదులో జనుమో, పిల్లిపెసరో, అలసందో విత్తి పూతకు ముందు మట్టిలో కలిపితే వాటి వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలి నుంచి తీసుకున్న నత్రజని చెట్టుకు దక్కుతుంది. వరుసల మధ్య, గట్ల మీద గ్లైరిసిడియా పెంచి కొమ్మలు నరికి పాదుల్లో వేస్తే తోటకు కావలసిన నత్రజనిలో దాదాపు తొంభై శాతం దాని నుంచే వస్తుందని కాసరగోడు సంస్థ పరిశోధనలు చూపించాయి. అదే రొట్ట భాస్వరం అవసరంలో పాతిక శాతం, పొటాష్ అవసరంలో పదిహేను శాతమే తీరుస్తుంది. అంటే పచ్చిరొట్ట వేసే రైతు యూరియాను బాగా తగ్గించుకోవచ్చు, పొటాష్‌ను పెద్దగా తగ్గించుకోలేడు. కోకో వేసిన తోటల్లో రాలే ఆకు కూడా నేలకు ఎంతో ఇస్తుంది, దాన్ని ఊడ్చి తగలబెట్టకుండా ఉంటే చాలు. రాలిన కొబ్బరి మట్టలను వానపాములకు వేసి ఎరువు చేసుకుంటే అందులో రెండు శాతం దగ్గర నత్రజని ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. పీచు మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే కొబ్బరి పొట్టును పచ్చిగా తెచ్చి పాదుల్లో నింపితే మేలు కంటే కీడు ముందు కనిపిస్తుంది. అందులో కార్బన్, నత్రజనికి వంద రెట్లకు పైగా ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు తమ శరీరాలు కట్టుకోవడానికి నత్రజని చాలదు కాబట్టి అవి నేలలో ఉన్నదాన్ని లాక్కుంటాయి. చెట్టుకు కొరత పడుతుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగు శిలీంధ్రంతో, టన్నుకు ఐదు కిలోల యూరియాతో పొరలు పొరలుగా పేర్చి కుళ్లబెట్టాక వేస్తే అదే పొట్టు నేలకు నీటిని పట్టి ఉంచే మంచి ఎరువవుతుంది.

కాయతో పాటు తోట దాటి ఏది పోతోందో కూడా చూసుకోవాలి. నత్రజని ఎక్కువగా తెల్లని కొబ్బరిలో ఉంటుంది. నూనె ఆడగా మిగిలిన కొబ్బరి పిండిలో మూడు శాతం నత్రజని ఉండేది అందుకే. పొటాషియం ఎక్కువగా డొక్కలోనూ, నీళ్లలోనూ ఉంటుంది. బొండాలుగా అమ్మే తోట నుంచి డొక్కతో సహా పొటాష్ లారీ ఎక్కి వెళ్లిపోతుంది. డొక్కలు తోటలోనే ఒలిచి వాటిని పాదుల మధ్య పూడ్చుకునే రైతు ఆ మేరకు మిగుల్చుకుంటాడు. బొండాల వ్యాపారం పెరుగుతున్న ఈ రోజుల్లో పాత సిఫారసును ఆ కోణంలోంచి కూడా సరిచూసుకోవాలి.

కొబ్బరి రైతులకు ఒక విన్నపం. ఈ తొలకరికి పది చెట్లను ఎంచుకోండి. పద్నాలుగో మట్ట నమూనా తీసి దగ్గర్లోని ఉద్యాన పరిశోధన కేంద్రానికి పంపండి. వచ్చిన అంకెను బట్టి యూరియాతో పాటు పొటాష్ కూడా వేసి, ఏ తేదీన ఎంత వేశారో నోటుబుక్కులో రాసిపెట్టండి. ఆ పది చెట్ల కాయలను ప్రతి దింపులోనూ విడిగా లెక్కపెట్టండి. కాయ ధర పడిపోయిన ఏడు కూడా మానకండి. ఆ ఎరువు పనిచేసిందో లేదో నాలుగో ఏడు దింపు తర్వాతే నిర్ణయించండి.